తాడు చుట్టేవాడు

మేత లెక్కల పుస్తకంలో
ఎడమ పేజీ రొయ్యలది,
కుడి పేజీ ఆటది.
ఎడమన: రెండో నంబరు చెరువు, డెబ్బై రెండో రోజు,
చెక్‌ట్రేలో మేత మిగల్లేదు.
కుడిన: సర్వరు అద్దె, బొమ్మలు గీసే పిల్లకి అడ్వాన్సు,
మాల్యాద్రి కళ్లద్దాలు.
ఇది ఆట ఖర్చేనా అని పక్కన నా ప్రశ్న గుర్తు.

పాకల నుంచి రెండు మైళ్లు లోపలికి,
ఏరియేటర్లు రాత్రంతా నీళ్లు చిలికే చోట
మోటారు షెడ్డే మా ఆఫీసు.
కరెంటు పోతే పది నిమిషాల్లో జనరేటరు అందుకోవాలి,
లేదంటే తెల్లారేసరికి చెరువంతా పైకి తేలుతుంది.
అందుకే మా ఆటకి
పరిగెత్తడం కంటే ముందు
సేవ్ చేసుకోవడం నేర్పాం.

మొదట అనుకున్నది చాలా పెద్దది.
ఎనిమిది మంది, ఎనిమిది ఫోన్లు, ఒకే టీవీ,
ఇరవై నాలుగు పోటీలు:
బస్సు కిటికీలోంచి తువ్వాలేసి సీటు పట్టడం,
పెళ్లిలో ఆఖరి బంతికి అప్పడం దక్కించుకోవడం,
ఒంగోలు గిత్త చూసేలోపు ఎర్ర గొడుగు ముయ్యడం.
షెడ్డు గోడ మీద సుద్దతో రాశాం.
రాయడానికి పైసా కాలేదు.
ఒక్క గొడుగు సరిగ్గా మూసుకోవడానికి
నా నెల జీతం పోయింది.

"అప్పు తెద్దాం" అన్నాడు మాల్యాద్రి.
"మేత కొట్టాయన ఇస్తానన్నాడు, నూటికి మూడు."
నూటికి మూడు తెచ్చినోళ్ల చెరువులు
ఇప్పుడెవరి పేరు మీదున్నాయో
రోజూ గట్ల మీద నడిచేదాన్ని, నాకు తెలుసు.
వద్దన్నాను.
స్కూటీ అమ్మితే నలభై ఒక్క వేలొచ్చాయి.
అప్పట్నించీ ఐసు లారీలో వస్తున్నా పనికి.

ఒకటో నంబరు చెరువు పట్టుబడి రోజు
అరవై కౌంటు కిలోకి ముప్పై తగ్గింది.
తడిగుడ్డ తీసుకుని గోడ దగ్గరికెళ్లా.
పెళ్లి బంతి తుడిచేశా.
గిత్తని తుడిచేశా.
మాల్యాద్రి మాట్లాడలేదు,
ఆ మూపురం వాడు గీసింది.

మిగిలినవి మూడు. వాటిలో అలివి వల:
ఒడ్డున రెండు జట్లు, చెరో తాడు,
నలుగురూ ఒక్క ఊపున లాగాలి,
ఒకడు తొందరపడినా వల వాలి చేప జారుతుంది.
చెప్తే బాగుంది. ఆడితే చప్పగా ఉంది.

ఆదివారం పరీక్ష.
మేత చల్లే కుర్రాళ్లు నలుగురు,
లారీ డ్రైవరు ఖాదర్‌వలీ,
గ్రేడింగుకొచ్చే కోటమ్మక్క, నేను,
పాకల నుంచి పోలేరయ్య తాత,
ఆయన చేతిలో ట్రంకురోడ్డులో కొన్న అద్దం పగిలిన ఫోను.
మూడోసారికే ఆవులింతలు.
తాత ఫోను మోకాలి మీద పెట్టుకున్నాడు.
"తాడెవురూ చుట్టట్లేదేందమ్మే?
లాగింది ఎనకాల చుట్టేవోడు లేకపోతే
ముందోళ్ల కాళ్లకి పడదా?"

ఆ రాత్రే జట్టుకొకణ్ణి వెనక్కి పంపాం.
వాడు లాగడు. చుట్ట మీద చుట్ట పేరుస్తాడు.
వాడు ఏమరితే వాడి మనుషులే బొక్కబోర్లా.

పై ఆదివారం
ఖాదర్‌వలీ పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు,
"సరిగ్గా చుట్టక్కా" అని కోటమ్మక్క మీద అరిచాడు.
ఆమె నవ్వలేక నవ్వుతూ బకెట్టు తన్నేసింది.
లారీలో ఐసు కరుగుతోంది, కదిలేవాడు లేడు.
ఇంకొక్కాట. ఇదే ఆఖరు. ఇంకొక్కాట.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.
చీకట్లో ఎనిమిది మందిమీ జనరేటరు వైపు,
ఎవరి చెప్పులు ఎవరి కాళ్లకో.
ఏరియేటర్లు గొంతు సవరించుకుని తిరిగాక
టీవీ వెలిగింది.
ఎక్కడ వదిలామో అక్కడే ఉంది
తాడు, సగం నీళ్లలో.

కుడి పేజీ అడుగున: మిగిలింది
అయిదు నెలల పదకొండు రోజులు.
దాని కింద మాల్యాద్రి కోడిగీతలు:
"ఆట చివర పేర్లేస్తాం గదా, నిన్నేమని రాయను? నిర్మాత అనా?"

నిర్మాత కొట్టేశాను.
పక్కన ఖాళీ అట్లాగే ఉంది.
ఎడమ పేజీలో, రెండో నంబరు చెరువుకి
మేత రెండు కిలోలు పెంచాలి.